మూడో కార్డు

కుర్చీలో కూర్చున్న మనిషికి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, వేలికొనతో నరం కోసం తడుముతూనే రాధారాణి గోడమీది తెరవైపు ఒకసారి చూసింది. బయట హాల్లో కూర్చున్నవాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. ఆలస్యమయ్యేకొద్దీ పేరు పసుపు రంగులోకి, తర్వాత ఎరుపులోకి మారుతుంది. ఇంకా ఎండ సరిగా ఎక్కనే లేదు, అప్పుడే రెండు పేర్లు ఎర్రబడ్డాయి. చిన్నగా పోటు పడుతుందని చెప్పి ఆమె సూది దించింది. ఊదారంగు మూత ఉన్న గొట్టం నిండింది. ఎర్రమూతది నిండింది. దూది అదిమి, టేపు వేసి, పేరు చీటీ అంటించి, చేతి తొడుగులు లాగి చెత్తబుట్టలో పడేసి, ఆ మనిషి కుర్చీలోంచి పూర్తిగా లేవకముందే తలుపు తీసి తర్వాతి పేరు పిలిచింది.

మోరిస్‌విల్‌లో ఆ రక్తపరీక్షల ల్యాబ్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది మన వాళ్ళే. పేరు పిలిచే యాసని బట్టి ఆమె తెలుగు మనిషని పోల్చుకుని కొందరు పలకరిస్తారు. ఆమె నవ్వుతుంది కానీ చెయ్యి ఆగదు. యాభైకి దగ్గరపడుతున్న సన్నటి మనిషి. జడని మెలితిప్పి క్లిప్పులో బిగిస్తుంది. ల్యాబ్ యూనిఫాం, ముదురు ఎరుపు స్క్రబ్స్ వేసుకుంటుంది. ఎప్పుడూ పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నట్టు పాదాల ముందు భాగం మీదే నిలబడుతుంది కాబట్టి ఆమె బూట్లు మునివేళ్ళ దగ్గరే అరుగుతాయి. ఉప్మా అయినా అన్నమైనా నిలబడే తింటుంది. కూర్చుంటే ఏదో పని మరిచిపోయినట్టు లోపల గుబులుగా ఉంటుంది.

ఒకప్పుడు కావలసినంత కూర్చుంది. ఖమ్మంలో బీఎస్సీ చదివి, అక్కడే ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేస్తూ ఉండగా రవికుమార్‌తో పెళ్ళయి, డిపెండెంట్ వీసా మీద ఈ దేశం వచ్చింది. పని చేసే అనుమతి లేదు. పొద్దున్నే భర్త ఆఫీస్‌కి వెళ్ళాక, తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడుస్తూ ఏళ్ళు గడిపింది. నైనిక పుట్టింది, బడికి వెళ్ళింది, ఆ ఇంట్లో మళ్ళీ తనొక్కతే. చివరికి వర్క్ పర్మిట్ వచ్చిన రోజున ఆ కవరు పట్టుకుని అరగంట సేపు గరాజ్‌లో నిలబడిపోయింది. కమ్యూనిటీ కాలేజీలో శిక్షణ తీసుకుని ఈ ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పరుగెడుతూనే ఉంది. ఆగితే ఎవరైనా వచ్చి ఆ పర్మిట్ తిరిగి ఇమ్మంటారేమోనన్నట్టు. గ్రీన్ కార్డ్ వచ్చినా ఆ పరుగు తగ్గలేదు. రవికుమార్ ప్రాజెక్ట్ షార్లట్‌లో. శుక్రవారం రాత్రి వస్తాడు, ఆదివారం సాయంత్రం వెళ్తాడు. మిగతా వారమంతా ఇల్లూ, ల్యాబూ, నైనిక డాన్స్ క్లాసూ, అన్నీ ఆమె కారులోనే తిరుగుతాయి.

కిందటి చలికాలంలో ఆమెకి బీపీ ఎక్కువైంది, నిద్ర తగ్గింది. మాత్ర రాసిచ్చిన డాక్టర్, రోజూ ఓ మూడు మంచి విషయాలు తలుచుకుని కాగితం మీద రాయమని కూడా చెప్పింది. నైనిక ఆ మాట పట్టుకుని బంగారు అంచు ఉన్న చిన్న నోట్‌బుక్ కొనిపెట్టింది. రాధారాణి ల్యాబ్ ముందు కారు ఆపి, పుస్తకాన్ని స్టీరింగ్‌కి ఆనించి రాసేది: ఫ్యామిలీ, హెల్త్, జాబ్. మర్నాడు కూడా అవే: ఫ్యామిలీ, హెల్త్, జాబ్. ట్రాఫిక్‌లో ఆలస్యమవుతుందనిపిస్తే మర్నాటిది ముందురోజే రాసేసేది.

ఆ గురువారం పొద్దున కూడా ఆ మూడు మాటలూ రాసిన తర్వాతే లోపలికి వచ్చింది.

పది దాటాక తెర మీద కోటయ్య పేరు కనిపించింది. ఆయన చలికాలం మొదలైనప్పటి నుంచి ప్రతి గురువారం వస్తున్నాడు. పెద్దాసుపత్రిలో కేన్సర్‌కి మందు ఎక్కిస్తున్నారు. ఎక్కించే ముందు రక్తం చూడాలి. రేపల్లె దగ్గర కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పొడుగ్గా ఉండి, భుజాల దగ్గర వంగిపోయాడు. గోళ్ళు నల్లబడ్డాయి. మందు వల్ల వేళ్ళు మొద్దుబారాయి. చల్లటిది ఏది తాకినా ముళ్ళు గుచ్చుకున్నట్టు ఉంటుందని ఏప్రిల్‌లో కూడా ఉన్ని గ్లోవ్స్ వేసుకుని వస్తాడు. ఎన్నిసార్లు వద్దన్నా బూట్లు విప్పి పక్కన పెట్టి గాని కుర్చీ ఎక్కడు. "ఏవమ్మా, ఇయ్యాల ఎన్ని బుడ్లు?" అని అడగడం ఆయనకి అలవాటు.

ఆ రోజు ఆ మాట అడగలేదు. బూట్లు విప్పలేదు. చొక్కా చెయ్యి పైకి మడవలేదు.

"ఇయ్యాల రక్తం ఇవ్వడానికి రాలేదమ్మా," అన్నాడు.

నిన్న డాక్టర్ చెప్పాడట, మందు ఇంక పనిచేయడం లేదని. వేరేది ఉంది కానీ దానితో బాధ ఎక్కువ, ఫలితం తక్కువ. కొడుకు కిరణ్‌కుమార్, కోడలు దేదీప్య, ఆయన, ముగ్గురూ రాత్రి కూర్చుని మాట్లాడుకున్నారట. ఇక చాలని ఆయనే అన్నాడట. ఇదంతా కరెంటు పోయిన వీధి పేరు చెప్పినంత మామూలుగా చెప్పాడు. రాధారాణి చేతిలో రబ్బరు పట్టీ అలాగే ఉండిపోయింది. "బాబాయ్ గారూ," అంది.

ఆయన కోటులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో కార్డుల పెట్టె ఉంది. ఒక్కో కార్డు మీదా పూలు, వాటి కింద బంగారు రంగులో 'థాంక్యూ' అని ఇంగ్లీషు అక్షరాలు.

"మూడు రాయాలి. నా చెయ్యి పెన్ను పట్టుకోవటంలా. ఇంట్లోవాళ్ళని అడిగేదానికి లేదు, వాళ్ళకే గదా రాసేది. నువ్వు రాసిపెడతావా?"

తెర మీద ఇంకో పేరు ఎర్రబడింది. బయట ఒక పసిపిల్ల ఏడుస్తోంది. "జనం ఉన్నారు బాబాయ్ గారూ. లంచ్ టైంలో చూద్దాం," అందామె.

"సరే. కూచుంటా," అన్నాడాయన.

ఆ తర్వాత ఎంతమందికి సూది వేసిందో ఆమెకి గుర్తులేదు. పసిపిల్ల కాలిమడమ నుంచి చుక్కచుక్కగా రక్తం తీస్తూ, ఒక కుర్రాడు కళ్ళు తిరిగి పడబోతే పట్టుకుంటూ, ఆ అరగంట విరామంలో చేయాల్సిన పనులు మనసులో పేర్చుకుంటూనే ఉంది. ఫార్మసీలో తన మాత్రలు తీసుకోవాలి. పాడైన రౌటర్ వెనక్కి ఇవ్వాలి. నైనిక స్కూల్‌కి ఫోన్ చేయాలి. లంచ్ వేళకి తాళాలు పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి వచ్చేసింది. ముసలాయన సంగతి గుర్తులేక కాదు. మాత్రలు తీసుకుని పది నిమిషాల్లో రావచ్చులే అనుకుంది.

పైన్ చెట్ల పుప్పొడి రాలి పార్కింగ్ లాట్ అంతా పసుపు పచ్చగా ఉంది. వైపర్ వేస్తే అద్దం మీద పసుపు గీతలు పడ్డాయి. కారు తిప్పుకుని ముందువైపు నుంచి వెళ్తూ హాలు అద్దాల్లోంచి చూసింది. కోటయ్య, స్టీలు మరచెంబు కుర్చీ కింద పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉన్నాడు. కవరు ఒళ్ళో పెట్టుకుని, దానిమీద గ్లోవ్స్ వేసుకున్న రెండు చేతులూ పెట్టుకుని, ఆమె బయటికి రావలసిన తలుపు వైపే చూస్తున్నాడు.

రోడ్డు దగ్గర ఇండికేటర్ టిక్కు టిక్కుమంటూ ఉంది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఆమె తనని తాను తిట్టుకుంటూ కుడివైపుకి తిరిగి, పక్క గేటులోంచి మళ్ళీ లోపలికి వచ్చింది.

బయట బెంచీ మీద పుప్పొడి తుడిచి ఇద్దరూ కూర్చున్నారు. కొంచెం దూరంలో, నీడలో ఆపిన కారులో కిరణ్‌కుమార్ కనిపిస్తున్నాడు. తండ్రిని దింపినప్పటి నుంచి అక్కడే ఉన్నాడు. లాప్‌టాప్ స్టీరింగ్‌కి ఆనించి, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరితోనో మీటింగ్‌లో ఉన్నాడు. చేతులు ఊపుతూ ఏదో వివరిస్తున్నాడు, మాట వినిపించడం లేదు.

మొదటి కార్డు ఆసుపత్రిలో మందు ఎక్కించే నర్సు మార్గరెట్‌కి. రాధారాణి ఆయన చెప్పేదాకా ఆగకుండా, 'మీరు చేసిన సేవకి ధన్యవాదాలు' అని ఇంగ్లీషులో గబగబా రాసేసింది.

"ఏం రాశావమ్మా?"

చెప్పింది.

"అది పైన అచ్చేసే ఉంది గదా. మళ్ళీ ఎందుకు? ఆ పిల్ల సూది గుచ్చే ముందు నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని వెచ్చజేసేది. ఎప్పుడూ మర్చిపోలా. అది రాయి."

ఆమె ఇంకో కార్డు తీసి, అదే రాసింది.

రెండోది దేదీప్యకి. తెలుగులోనే రాయమన్నాడు. 'అమ్మా దేదీప్యా' అని ఆమె రాశాక ఆయన గ్లోవ్స్ సర్దుకుంటూ కూర్చున్నాడు. ఆమె గడియారం చూసుకోకుండా ఉండడానికి ఎడమచేతిని తొడ కింద పెట్టుకుంది.

"థాంక్స్ అని రాయమంటారా?" అని తనే అడిగింది.

"వద్దు. ఇంట్లోపిల్లకి అట్టా చెప్తే పరాయిదాన్ని చేసినట్టు ఉంటది." పుప్పొడి వైపు చూస్తూ చెప్పాడు. "నాకు తాలింపు వాసన పడటంలా. కడుపులో తిప్పేది. నేనెవరికీ చెప్పలా. ఆ పిల్లే కనిపెట్టింది. చలికాలమంతా పెరట్లో చిన్న పొయ్యి పెట్టుకుని, కోటేసుకుని, అక్కడే తాలింపు వేసి గిన్నె లోపలికి పట్టుకొచ్చింది. మంచు పడిన రోజు కూడా. ఇదీ సంగతని ఒక్కనాడు చెప్పలా. నేను వంటింటి కిటికీలోంచి చూశా."

రాధారాణి రాస్తోంది. ఇన్నేళ్ళకి తెలుగు అక్షరాలు రాస్తుంటే పెన్ను తడబడుతోంది.

"ఇంకా ఏం రాయను?"

"నేను చూశానమ్మా, అని రాయి. అంతే."

మూడో కార్డు తెరిచి ఆమె ఎదురుచూసింది. "ఒరే కిరణా," అన్నాడాయన. రాసింది. ఆ తర్వాత ఏ మాటా రాలేదు. ఆయన కారు వైపు చూస్తున్నాడు. కరెంటు స్తంభాలెక్కిన ఆ పెద్ద చేతులు మోకాళ్ళ మీద కదులుతున్నాయి.

ఈలోగా కిరణ్‌కుమార్ లాప్‌టాప్ మూసి దిగి వచ్చాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టుకుని ఎవరికో వన్ మినిట్ అని చెప్పి, "నాన్నా, అయిందా? ఇంకో మీటింగ్ ఉంది," అన్నాడు. రాధారాణి కార్డులన్నీ కవరు కిందికి జరిపింది. "మీ గురించి ఇంట్లో చెప్తూ ఉంటారండీ," అని ఆమెతో అంటూనే, తండ్రి బూటు లేసు ఊడి ఉండడం చూసి కింద కూర్చున్నాడు. ఫోన్ భుజం మీదే ఉంది. అవతలివాళ్ళకి సమాధానం చెబుతూనే ఒక కాలి లేసు కట్టాడు, రెండోదీ వదులుగా ఉందేమోనని లాగి చూసి మళ్ళీ గట్టిగా ముడి వేశాడు. కోటయ్య, వంగి ఉన్న ఆ తలని చూస్తూ ఉండిపోయాడు. నడినెత్తిన వెంట్రుకలు పల్చబడ్డ చోటికి ఆయన చెయ్యి వెళ్ళబోయి, గాలిలోనే ఆగి, వెనక్కి వచ్చింది.

లేచేటప్పుడు రాధారాణి వైపు వంగి, "అది నీ దగ్గరుంచు. వచ్చే గురువారం వస్తా. ఈలోపు ఆలోచించుకుంటా," అన్నాడు మెల్లగా. రాసిన రెండు కార్డులూ కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నమంతా తెర ఎర్రగానే ఉంది. మాత్రలు తీసుకోలేదు, రౌటర్ కారులోనే ఉంది. సాయంత్రం నైనికని డాన్స్ క్లాసులో దింపి, బయట కారులో కూర్చుని బంగారు అంచు నోట్‌బుక్ తీసింది. రేపటిది ఇప్పుడే రాసేస్తే పొద్దున ఒక పని తగ్గుతుంది. 'ఫ్యామిలీ' అని రాసింది. అచ్చేసే ఉంది గదా, అన్న మాట చెవిలో వినిపించింది. ఆ మాట కొట్టేసింది. కొట్టేశాక ఏం రాయాలో తెలియలేదు. ఫ్యామిలీ అంటే ఎవరు, ఏం చేశారు? స్టీరింగ్ మీద వేళ్ళతో కొట్టుకుంటూ, ఇంట్లో రోజూ జరిగేవి ఒక్కొక్కటే గుర్తు చేసుకోసాగింది. రాత్రి స్క్రబ్స్ వాషర్‌లో వేసి నిద్రపోతుంది. పొద్దున అవి ఆరి, మడతపెట్టి సోఫా మీద ఉంటాయి. తడిబట్టలు తీసి డ్రయర్‌లో వేసినట్టు ఆమెకి ఒక్కరోజు కూడా గుర్తులేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా జరుగుతోందో, ఎప్పుడైనా ఆలోచించిందా? రవికుమార్ శుక్రవారం దాకా ఉండడు. ఇంట్లో ఉన్నది ఇంకొక్కరే.

నైనికకి తెలుగు చదవడం రాదు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది. 'రోజూ రాత్రి నా బట్టలు డ్రయర్‌లో వేసేది నువ్వే. నేను చూడలేదు. ఇవాళ చూశాను.' ఆ పేజీ చింపి, ఇంటికి వెళ్ళాక పిల్ల లాప్‌టాప్ మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి పప్పు కుక్కర్ ఎక్కించింది.

కాసేపటికి నైనిక ఆ కాగితం పట్టుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, నువ్వు ఓకేనా? డాక్టర్ ఏమైనా బ్యాడ్ చెప్పిందా?"

"లేదే. ఏం చెప్పలేదు."

"మరి ఇది ఎందుకు రాసావ్? నిజం చెప్పు."

రాధారాణి స్టవ్ మంట తగ్గించి పిల్ల వైపు తిరిగింది. ఇంత పొడుగు ఎప్పుడైందో అనుకుంది. "ఏం లేదురా. చూశానని చెప్పాలనిపించింది."

నైనిక ఇంకా నమ్మకం కుదరనట్టే నిలబడింది. కాగితాన్ని ఇంకోసారి చదివి, నాలుగు మడతలు పెట్టి హుడీ జేబులో వేసుకుంది. "ఓకే. బట్ టవల్స్ కూడా నేనే చేస్తాను," అని చెప్పి పైకి వెళ్ళిపోయింది. కుక్కర్ విజిల్ వేసేదాకా రాధారాణి ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడింది.

మరుసటి గురువారం కోటయ్య రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. పరీక్షలే రద్దయ్యాక తెర మీద పేరు రాదని తెలిసినా, కొత్త పేరు పడ్డప్పుడల్లా ఆమె తలెత్తి చూసేది. మూడో కార్డు నలగకుండా, రక్తం గొట్టాలు పెట్టే ప్లాస్టిక్ సంచీలో వేసి తన లాకర్‌లో ఉంచింది. ఒకటి రెండుసార్లు దాన్ని బయటికి తీసి, 'ఒరే కిరణా' తర్వాత ఏం వచ్చి ఉండేదో తనే పూర్తి చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించింది. పెన్ను కూడా పట్టుకుంది. మళ్ళీ లోపల పెట్టేసింది.

వాన పడి పుప్పొడంతా కొట్టుకుపోయిన ఒక రోజున తెర మీద దేదీప్య అనే పేరు వచ్చింది. పిలిస్తే ముప్పై అయిదేళ్ళ అమ్మాయి, జుట్టు ముడి వేసుకుని, కళ్ళ కింద నల్లటి చారలతో లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. చాలాకాలంగా వాయిదా వేసుకున్న తన పరీక్షలేవో ఉన్నాయట.

"రాధారాణి గారు మీరే కదా," అంది. "మీ చేతిరాత చూశాను."

కోటయ్య ఆదివారం పొద్దున పోయాడట. కార్డు ఇచ్చిన తర్వాత ఆయన వంటింటి కిటికీ దగ్గరే కుర్చీ వేయించుకున్నాడు. ఆయన చూస్తూ ఉంటాడని తెలిశాక, పెరట్లో పొయ్యి దగ్గర నిలబడినప్పుడల్లా దేదీప్య తలెత్తి చెయ్యి ఊపేదట. ఆయనా ఊపేవాడు.

"ఆ రోజు కూడా ఊపానండీ. మామయ్య గారు ఊపలేదు. నిద్ర పట్టిందేమో అనుకున్నాను. తాలింపు పూర్తి చేశాకే లోపలికి వెళ్ళాను."

ఆ మాట చెప్పి దేదీప్య చెయ్యి చాపింది. రాధారాణి పట్టీ కట్టలేదు. ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కొంచెంసేపు అలాగే పట్టుకుంది. తెర వైపు ఆమె వీపు ఉంది. పేర్లు ఏ రంగులో ఉన్నాయో చూడలేదు.

రక్తం తీయడం అయ్యాక, లాకర్‌లోంచి ప్లాస్టిక్ సంచీ తెచ్చి ఇచ్చింది. దేదీప్య కార్డు తెరిచి, ఉన్న రెండు మాటలూ చదివి, వెనక్కి తిప్పి చూసింది.

"ఇంతేనండీ. మిగతాది చెప్పలేదు," అంది రాధారాణి. "కానీ ఆ రోజు మీవారు కింద కూర్చుని షూ లేసులు కట్టారు. అప్పుడు బాబాయ్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టబోయారు. పెట్టలేదు. మీవారికి కనబడి ఉండదు. నేను చూశాను. అది చెప్పండి."

దేదీప్య తల ఊపింది. కిరణ్‌కుమార్ ఆఫీస్ నుంచి సెలవు కూడా తీసుకోలేదని, తీసుకుంటే ఇంట్లో ఆ కుర్చీ చూస్తూ కూర్చోవాలని భయపడుతున్నాడని చెప్పింది. కార్డుని సంచీతో సహా జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకుని వెళ్ళింది.

తర్వాతి పేరు పిలవడానికి రాధారాణి హాల్లోకి వచ్చేసరికి, కౌంటర్ దగ్గర కూర్చునే టాన్యా ఆమెని ఆపింది. ఇప్పుడు వెళ్ళినావిడ ఇంటిపేరు చూస్తే గుర్తొచ్చిందని, ఆ పెద్దాయన చివరిసారి వచ్చినప్పుడు కుర్చీ కింద ఇది వదిలేసి వెళ్ళాడని, ఇదేమిటో తనకి అర్థంకాక మరిచిపోయిన వస్తువుల పెట్టెలో పెట్టానని చెప్పి ఒక స్టీలు మరచెంబు తీసి ఇచ్చింది. రాధారాణి దాన్ని పట్టుకుని వానలోకి పరుగెత్తింది. దేదీప్య కారు అప్పటికే గేటు దాటి మెయిన్ రోడ్డు మలుపు తిరుగుతోంది. చెయ్యి ఊపింది, కారు ఆగలేదు.

తడిసిన బూట్లతో మెల్లగా లోపలికి నడిచి వచ్చి ఆమె చెంబుని కౌంటర్ మీద పెట్టింది. మూత బిగుసుకుపోయి ఉంది, రెండుసార్లు తిప్పితే గాని రాలేదు. అంచు చుట్టూ చుక్కలుగా కొట్టించిన పేరు సగం అరిగిపోయింది. లోపల, ఆ రోజు తాగగా మిగిలిన నీళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి.